ఎవరో రాసిన లైను

"ఒకసారి ఇది చూడక్కా" అని తమ్ముడు పిలిస్తే, సాఫ్ట్‌వేర్ పనిలో తలపండిన అక్క టీ కప్పుతో వచ్చి అతని వెనక నిలబడింది. ల్యాప్‌టాప్ నిండా ఎర్ర అక్షరాలు.

"బిల్లుల మాడ్యూల్ ఇన్‌స్టాల్ అవ్వనంటోంది. ముందు ప్రింటింగ్ మాడ్యూల్ అవ్వాలట."

"అయితే దాన్నే ముందు చెయ్యి."

"అది మొండికేసి కూర్చుంది, అచ్చం నీలాగే."

"నోరు మూసుకుని జరుగు." ఆమె తెర మీదికి వంగింది. "ఒరేయ్, అసలు బిల్లులకి దానితో ఏమైనా పనుందా?"

"ఏమీ లేదు. అది ముందు రావాలని ఎప్పుడో ఎవరో ఒక లైను రాసి పెట్టారు."

"ఆ లైను పీకెయ్. పీడా పోతుంది."

అతను పీకేశాడు. బిల్లుల మాడ్యూల్ బుద్ధిగా ఇన్‌స్టాల్ అయింది. అక్క అతని ముఖంలోకి అనుమానంగా చూసింది.

"ఈమాత్రం తెలియకేనా నన్ను పిలిచావు?"

తమ్ముడు చెవి గోక్కున్నాడు. "అమ్మ కూడా ఒక లైను రాసి పెట్టింది కదక్కా."

"అక్క పెళ్లయ్యాకే తమ్ముడి పెళ్లి అని. అంతేనా?"

"నువ్వు చెబితే వింటుంది."

"చెబుతాలే. నా మూలంగా నీ కోసం ఆ పిల్ల ఇంకా ఎన్నాళ్లు ఆగుతుంది, పాపం."

"మరి నువ్వు?"

"మొండిదాన్ని కదా. బుద్ధి పుడితే చేసుకుంటాను, లేకపోతే ఇలాగే కూర్చుంటాను. టీ చల్లారిపోయింది, వేడి చేసుకురా."