మూడో విజిల్

గేములు ఆడే మిషన్లు అమ్మే దుకాణం. గాజు బల్లకి ఇవతల వదిన, ఆడపడుచు. అవతల షాపతను.

“అది కాదు బాబూ, మంచిదా చెడ్డదా అని అడగట్లేదు నేను. మనిషిని చంపడానికి ఏది బాగుంటుందో చెప్పు.”

“వదినా! మెల్లగా. జనం చూస్తున్నారు.”

“చూడనీ. గేములో మనిషినేగా చంపుతానంటున్నది.”

“అర్థమైందమ్మా. ఇదేమో హ్యాండ్‌హెల్డ్. స్క్రీను, బటన్లు అన్నీ ఇందులోనే. మంచం మీద పడుకుని ఆడుకోవచ్చు, బస్సులో ఆడుకోవచ్చు. అదిగో, అదేమో కంప్యూటర్. మీ బడ్జెట్‌లోనే అసెంబుల్ చేసిస్తాం. గ్రాఫిక్స్ కార్డు కాస్త పాతది పడుతుంది గానీ, తర్వాత మార్చుకోవచ్చు.”

“మరి ఈ చేతిలోది? మార్చుకోడానికి కుదరదా?”

“కుదరదమ్మా. కొన్నది కొన్నట్టే. వేడెక్కినా, బ్యాటరీ పోయినా భరించాల్సిందే.”

“మొగుడిలాగా అన్నమాట.”

“వదినా!”

“ఏమిటే ఊరికే వదినా వదినా అని?”

“చేతిలోదే తీసుకో. తేలిక. సోఫాలో కాళ్ళు చాపుకుని హాయిగా ఆడుకుంటావు. నీకు అసలే కొత్త కదా.”

“కొత్తేం కాదు. మీ అన్నయ్య ఆఫీసుకి వెళ్ళగానే ఆయన కంప్యూటర్ మీదే నేర్చుకుంటున్నా. ఆయన వచ్చేలోపు కుర్చీ ఎత్తు కూడా మళ్ళీ సరిచేసి పెడుతున్నా.”

“నువ్వా? అన్నయ్యకి తెలుసా?”

“తెలిస్తే ఈ కొట్టుకెందుకొస్తాను?”

“ఏ గేమ్ అమ్మా?”

“అదే, కాల్చుకునేది. ఇద్దరిద్దరు జట్టు. ఒకడు కిందపడితే రెండోవాడు పరిగెత్తుకొచ్చి లేపాలి. లేపకపోతే పడ్డవాడు పడ్డచోటే పోతాడు. మా ఆయన పడటంలో దిట్ట. ‘లేపు, లేపు’ అని ఒకటే గోల.”

“అయితే కంప్యూటరేనమ్మా. కాల్చే గేములకి మౌస్ ఉండాలి. గురి కుదరడంలో దాని ముందు ఈ చేతిలోదాని జాయ్‌స్టిక్ ఎందుకూ పనికిరాదు.”

“విన్నావా? మరి నువ్వు దీన్నే కొనమంటావేం? నేను ఓడిపోవాలనా?”

“అయ్యో, నేనెందుకలా అనుకుంటాను? ఇంట్లో చోటుండదని...”

“బోలెడు చోటు. మీ అన్నయ్య బల్ల పక్కన కుట్టుమిషన్ ఉంది చూడు, అది తీసేస్తే సరి.”

“అన్నయ్య పక్కనా? అక్కడ... అక్కడొద్దు వదినా. కంప్యూటర్‌లో ఫ్యాన్ చప్పుడు. అవునా కాదా, మీరు చెప్పండి.”

“కొంచెం ఉంటుంది గానీ...”

“చూశావా, ఉంటుందంట.”

“ఇంతకీ ఎవర్ని చంపాలమ్మా?”

“వానపాము అని ఒకడున్నాడు బాబూ.”

“పామా?”

“వానపాము. గేములో పేరు. మా ఆయన జోడీ. మొహం చూసినవాళ్ళు లేరు. గొంతు కూడా ఏదో పెట్టి మార్చుకుంటాడు, కుండలో తల పెట్టి మాట్లాడినట్టుంటుంది. ఏమ్మా, నువ్వేంటి అటు తిరిగావు?”

“ఏం లేదు. ఆ కీబోర్డు... బాగుంది.”

“ఇటు చూడు. వాళ్ళిద్దరూ కలిసి నాకేం పేరు పెట్టారో తెలుసా? కుక్కర్.”

“ఊరుకో వదినా. సరదాకి అనుంటారు.”

“సరదాకే. నేను పిలిస్తే ఒక విజిల్ అంట. మళ్ళీ పిలిస్తే రెండో విజిల్. మూడోది పడేదాకా మా ఆయన లేవక్కర్లేదంట. అప్పటిదాకా ఏదీ ఉడకదంట.”

“నీకెలా... ఎవరు చెప్పారు?”

“చెయ్యి కాలిన రోజు తెలిసింది.”

“ఆవిరి తగిలిందన్నావు కదా?”

“నూనె. మూకుడు ఒరిగింది. ‘ఏమండీ’ అని అరిచా. రాలేదు. మళ్ళీ అరిచా. రాలేదు. చేతిని నీళ్ళ కింద పెట్టాలని కూడా తోచక నేనే ఆయన గదికి పరిగెత్తా. హెడ్‌ఫోన్స్ తీగ ఊడిపోయినట్టుంది, వాడి గొంతు గదంతా వినపడుతోంది. ‘కుక్కర్ విజిల్స్ రెండే అయ్యాయి, మూడోది పడనీ, కూర్చో బాసూ’ అంటున్నాడు.”

“నూనె అని నాకు చెప్పలేదేం వదినా?”

“చెప్తే ఏం చేసేదానివి?”

“మందైనా రాసేదాన్ని కదా.”

“కడుపు మండిపోయిందే. చెయ్యి మానింది, ఇది మానలేదు. వాడు నా చేతిలో చావాలి. రోజూ చావాలి. అంతే.”

“కావాలంటే ఈ హ్యాండ్‌హెల్డ్ ఒకసారి ఆడి చూడండమ్మా. అలాంటి గేమే ఉంది ఇందులో.”

“మా ఆడపడుచు చూస్తుంది. ఇదిగో, పట్టు.”

“నాకు రాదు వదినా.”

“మరీ మంచిది. రానివాళ్ళకి ఎలా ఉంటుందో నాకు తెలియాలిగా. పట్టు.”

“ఏది నొక్కాలి? ఇదా? ఇటా...”

“రాదన్నావు, గోడెక్కి దూకావే!”

“ఏదో నొక్కితే అదే ఎక్కింది. ఉండు, వెనకాల ఎవడో... తిరగదేంటిది... అయ్యో, అయ్యో... చచ్చింది గొర్ర్‌ర్రే!”

“ఏమన్నావు?”

“ఏమన్నాను?”

“ఇప్పుడే అన్నావు.”

“అదా... ఊరికే. అందరూ అంటారు కదా.”

“అంటారు. కానీ గొర్రెని అలా సాగదీసి ‘గొర్ర్‌ర్రే’ అనేది లోకంలో ఇద్దరే. చెయ్యి కాలిన రోజు నేను తలుపు దగ్గర నిలబడుండగానే వానపాము చచ్చాడు. అప్పుడన్నాడు ఈ మాట. మొన్న మా ఇంట్లో పాలు పొంగిపోతే నువ్వన్నావు.”

“వదినా...”

“కుండలో తల పెట్టినా ఆ సాగదీత పోలేదే పిచ్చిమొహమా. నిన్ను ఈ కొట్టుకి ఊరికే తీసుకొచ్చాననుకున్నావా?”

“అన్నయ్యకి తెలీదు వదినా. నేనని తెలీదు. ఒట్టు.”

“తెలీదా?”

“ఎవడో కుర్రాడనుకుంటున్నాడు. మీ పెళ్ళికి ముందు మేమిద్దరం ఒక్క కుర్చీలో ఇరుక్కుని ఆడేవాళ్ళం. నువ్వొచ్చాక ‘ఇంక నీకెందుకే ఆటలు, పో’ అన్నాడు. నువ్వే అనిపించావనుకున్నా. నీ మీద మంట. అందుకే ఆ కుక్కర్ అనీ, విజిల్ అనీ...”

“నేనెప్పుడన్నానే నిన్ను పొమ్మని? ఆయనతో నాలుగు మాటలు మాట్లాడటానికి నాకే దిక్కులేదు.”

“తప్పే. కాలిందని తెలీదు వదినా. కూర్చోమన్నది నేనే. కొట్టు కావాలంటే. ఇక్కడే కొట్టు.”

“కొట్టాలనే వచ్చా. పొద్దుటి నుంచీ చెయ్యి దురదపెడుతోంది. కానీ చెయ్యి కాలినప్పుడు నువ్వెక్కడో మీ ఇంట్లో ఉన్నావు. ఆయన గోడకి అవతలే ఉన్నాడు. కూర్చోమన్నది నువ్వు, సరే. కూర్చున్నదెవరే?”

“...అన్నయ్య.”

“అదీ. బతికిపోయావు పో. కళ్ళు తుడుచుకో.”

“మధ్యలో వస్తున్నానని అనుకోకండమ్మా. ఇంతకీ ఏది ఖాయం చెయ్యమంటారు? చేతిలోదా, బల్ల మీదదా?”

“బల్ల మీదదే బాబూ. చేతిలోదైతే వంటింట్లో నక్కి ఆడాలి. ఆడేటప్పుడు నాకు ఆయన మొహం కనపడాలి.”

“అన్నయ్య జట్టులో చేరతావా వదినా?”

“నేనా? ఎదురు జట్టు. నువ్వు మాత్రం ఎప్పట్లాగే ఆయన పక్కనే ఉండు. వానపాముగానే ఉండు.”

“ఉండి ఏం చెయ్యను?”

“ఏం చెయ్యకు. నేను కాలుస్తా. ఆయన కిందపడి ‘లేపు, లేపు’ అని నిన్ను పిలుస్తాడు కదా, మూడో విజిల్ పడేదాకా కదలకు.”