పిడికెడు బియ్యంతో కొన్న పుస్తకాలు

"నాయనమ్మా, మా స్కూల్లో లైబ్రరీకి పుస్తకాలు ఎంచే పని నా నెత్తిన పెట్టారు. పిల్లలకీ కావాలంట, వాళ్ల అమ్మానాన్నలకీ కావాలంట. నువ్వోసారి ఊరంతటికీ కొనుక్కొచ్చావంటగా? ఎట్లా ఎంచావో చెప్పు."

ఎవరు చెప్పారే నీకు? మీ నాన్నేనా? వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ఆఁ, తెచ్చాలే, ఒక గోనెసంచీడు తెచ్చా. ఆ ఫ్యాను కాస్త తగ్గించి ఇట్లా దగ్గరికి జరుగు. నీ ఫోన్లో పడతందా నా మాట? పడితే సరే.

అప్పటికి మీ నాన్న పుట్టలేదు. మీ పెదనాన్న చంకలో పిల్లాడు. డెబ్బైల మొదట్లో అనుకో. నాది బెజవాడ గదా, మా నాన్న రైల్వేలో చేసేవాడు, పదో తరగతి ప్యాసయ్యా నేను. గన్నవరం అవతల పొలాల మధ్య మీ తాతయ్య వాళ్ల ఊరు. నేను కాపరానికొచ్చేనాటికి ఊళ్లో ఆడాళ్లల్లో చదవటం వచ్చింది నాకూ, పాస్టరు గారి భార్యకీ. ఆమెని అమ్మగారు అనేవాళ్లం. ఇంకొకామె ఉండేది, చదవటం వచ్చనేది గానీ పుస్తకం ఎప్పుడూ తలకిందులుగానే పట్టుకునేది. పోన్లే, చచ్చి స్వర్గానుంది, ఎందుకిప్పుడు.

మా చర్చిలో ఆడాళ్లకి ఓ అలవాటుండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో వేసేవాళ్లం. రెండు పూటలా. ఇంట్లో తిండికి తక్కువైనా ఆ పిడికెడు మాత్రం తీయాల్సిందే. ఆదివారం ఆ ముంత తీసుకెళ్లి చర్చిలో గంపలో పోస్తే, ఆరాధన అయ్యాక ఆ బియ్యం వేలంపాట పెట్టేవాళ్లు. వచ్చిన డబ్బు ఆడాళ్లు ఏం చేద్దామంటే అదే. ముందటేడు దాంతో చర్చికి పెంకులు నేయించారు. ఆ ఏడు అమ్మగారు, "పైకప్పు అయింది, ఇప్పుడు బీరువా ఒకటి చేయించి పుస్తకాలు పెడదాం" అంది. అందరూ సరేనన్నారు. కొనుక్కొచ్చేది ఎవరు? బెజవాడ పిల్ల ఉందిగా, కోడలుపిల్ల! ఇంకేముంది.

ఇక చూడు, నాకు ఊపిరి సలపనివ్వలేదు. సంఘపెద్ద ప్రకాశం గారు పిలిచి, "అమ్మాయ్, భక్తి పుస్తకాలు తప్ప వేరే ఏదీ బీరువాలోకి రాకూడదు" అన్నాడు. మా చినమామయ్యేమో వరి తెగుళ్ల పుస్తకం కావాలన్నాడు. మీ తాతయ్య డిటెక్టివ్ నవల కావాలని చెవిలో చెప్పాడు, ప్రకాశం గారు వింటాడని. పిల్లలు దెయ్యాల పుస్తకం అన్నారు. మా అత్తయ్య మాత్రం ఏమీ అనలేదు. బయలుదేరేనాడు బస్సు దాకా వచ్చి, నా చెయ్యి పట్టుకుని, "కాన్పుల పుస్తకం ఏదన్నా ఉంటదా కరుణా? డాక్టరమ్మలు రాసింది. రత్నం కోసం" అంది.

రత్నం అంటే మా ఆడపడుచు, మీ తాతయ్య చెల్లెలు. మైలవరం ఇచ్చారు. రెండు కాన్పులూ పుట్టింట్లోనే జరిగినయ్, మా ఇంట్లో. ఇద్దరు పిల్లలూ బంగారంలా పుట్టి, వారం తిరక్కుండానే పోయారు. పాలు తాగటం మానేసేవాళ్లు, దవడలు బిగుసుకుపోయేయి, ఒళ్లు విల్లులాగా వంగిపోయేది. అమ్మో, వద్దులే. గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు. మైలవరం వాళ్లయితే రత్నం పాలల్లోనే దోషం ఉందని తేల్చేశారు. మూడోసారి నెల తప్పింది. "ఈసారి కూడా ఇట్లాగే అయితే మీ పిల్లని మీ దగ్గరే ఉంచుకోండి" అని మొహం మీదే చెప్పి దిగబెట్టి వెళ్లారు. అదీ మా అత్తయ్య బాధ.

సరే, ఏలూరు రోడ్డు. అప్పట్లో పావలాకి ఇడ్లీ తిని, ఆ రోడ్డంతా పుస్తకాల షాపులు చూసుకుంటా నడిస్తే ఎంత బాగుండేదో. నేనూ మీ తాతయ్యా ఒక షాపులోకెళ్లాం. నేను ఏ పుస్తకం తీసినా నిలబడి ఒక పేజీ గట్టిగా చదివేదాన్ని. షాపాయన చూసి చూసి, "ఏమ్మా, పాఠం చెప్తన్నావా?" అన్నాడు.

"లేదండీ. మా ఊళ్లో చదివేది ఇద్దరు ముగ్గురండీ, వినేది ఊరంతానండీ. నోటికి పలక్కపోతే ఆ పుస్తకం మాకెందుకండీ?"

ఆయన నవ్వి, "అయితే గట్టిగానే చదువమ్మా, మాక్కూడా పొద్దుపోద్ది" అని స్టూలేశాడు.

ఇదేనే నువ్వడిగిన దానికి జవాబు. చదివి చూడటమే. పిల్లల పుస్తకం ఒకటి తీస్తే, "పిల్లలూ, అబద్ధమాడరాదు" అని మొదలైంది. పక్కన పెట్టేశా. ఆ మాట మేం పొద్దున లేచిన దగ్గర్నించీ చెప్తానే ఉంటాంగా, మళ్లీ డబ్బులు పెట్టి కొనాలా? ఇంకోదాంట్లో ఒక కప్ప కాలవ దాటించమని పడవవాడితో బేరమాడతా ఉంటది. నేను చదువుతుంటే, ఏదో కొనటానికొచ్చిన ఒకాయన సంచీ కింద పెట్టి నిలబడిపోయాడు. అది తీసుకున్నా. తెగుళ్ల పుస్తకం ఒకటి తీస్తే భాష నాకే ఎక్కలా. మా చినమామయ్యకి అది చదివి వినిపిస్తే తన చేలో ఉన్నది వరేనా అని అనుమానం వచ్చేది. వేరేది తీసుకున్నా, పురుగు బొమ్మలు రంగుల్లో ఉన్నది. నవల ఒకటి తీస్తే కథానాయిక చీర గురించే రెండు పేజీలు. ఆ చీర కట్టుకుని ఎప్పటికి బయటికొస్తుంది ఆమె? వద్దన్నా. డిటెక్టివ్ పుస్తకం మీ తాతయ్య చేతికిస్తే సరాసరి చివరి పేజీ తిప్పాడు, లాక్కున్నా. ప్రకాశం గారికి భక్తి పుస్తకాలు కూడా తీసుకున్నాలే, పెద్దాయన గదా. అందులోనూ చదివే ఏరా. బెదిరించేవి వదిలేసి, కన్నీళ్లు పెట్టించేవి తీసుకున్నా.

చివర్లో మెల్లిగా అడిగా షాపాయన్ని, కాన్పుల పుస్తకం. పైనించి తీసిచ్చాడు. తెరిస్తే కడుపులో బిడ్డ బొమ్మ. చుట్టూ మగాళ్లు! గట్టిగా ఎట్లా చదవను? మూలకి వెళ్లా. మీ తాతయ్య నాకు అడ్డంగా నిలబడి, గోడమీది క్యాలెండర్లు చూస్తన్నట్టు నటించాడు పాపం. డాక్టరమ్మ పేరుందా, ఉంది. అక్షరాలు పెద్దవేనా, పెద్దవే. అంతే, మూసేసి సంచీలో వేశా. అదొక్కటే నేను చదవకుండా తెచ్చిన పుస్తకం.

బీరువాలో సర్దే రోజు ప్రకాశం గారు ఒక్కొక్కటే తెరిచి చూస్తన్నాడు. ఈ పుస్తకం తెరిచాడు, ఠక్కున మూశాడు. చెవులు ఎర్రబడిపోయినయ్. "ఇదేంటమ్మా ఇది! దేవుడి మందిరంలో!" అన్నాడు. అమ్మగారు చేతిలోంచి తీసుకుని, "మందిరంలో వద్దులెండి, మా ఇంట్లో ఉంటది" అని కొంగు కింద పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ బుధవారం అమ్మగారి పెరట్లో స్త్రీల కూటం. ప్రార్థన అయ్యాక నన్ను ఆ కాన్పుల పుస్తకం చదవమన్నారు. అందరూ చుట్టూ కూర్చున్నారు. రత్నం గోడకానుకుని కూర్చుంది, ఏడో నెల. పక్కనే సారమ్మ పెద్దమ్మ. ఆమె మా మంత్రసాని. ఊళ్లో సగం మందిని బయటికి తీసింది ఆమె చేతులే. మీ తాతయ్యని, రత్నాన్ని, మీ పెదనాన్నని, రత్నం కన్న ఆ ఇద్దరిని కూడా. పైసా అడిగేది కాదు. నేను చదువుతుంటే ఆమె మధ్యమధ్య, "ఇది రాసినామె ఒక్క కాన్పైనా చూసిందంటావా?" అని జోకులేస్తంది, అందరూ పడీపడీ నవ్వుతున్నారు. నేనూ నవ్వుతానే పేజీ తిప్పా.

తిప్పితే బొడ్డు కోసే సంగతి వచ్చింది. ఉడకబెట్టని బ్లేడుతో గానీ కొడవలితో గానీ కోస్తే, బొడ్డు మీద బూడిదో పేడో అద్దితే, మట్టిలో ఉండే విషం బిడ్డ ఒంట్లోకి పోయిద్దంట. పాలు తాగలేడంట, దవడ బిగుసుకుంటదంట, ఒళ్లు వంగిపోయిద్దంట. నేను చదువుతానే ఉన్నా, నాకు తెలుస్తంది ఎక్కడికి పోతందో, నోరు ఆగట్లా. ఆగినా అందరికీ అర్థమైపోయింది.

రత్నం నా వంక చూసి, "అయితే నా పాలు కాదా వదినా?" అంది.

"కాదే, నీ పాలు కాదు" అన్నా. అది వెక్కివెక్కి ఏడ్చింది. ఎన్నేళ్ల ఏడుపో అది. మేమంతా దాన్ని పట్టుకుని ఉండగా, సారమ్మ పెద్దమ్మ లేచింది. తన రెండు చేతులూ చూసుకుంది. చెప్పులేసుకోకుండానే వెళ్లిపోయింది.

ఇక ఆమె గడప దాటలేదు. నేను వెళ్తే తలుపు తీయలా. మా అత్తయ్య నా మీద విరుచుకుపడింది. "పుస్తకం తెమ్మన్నాను గానీ ముసలిదాని గుండె కొయ్యమన్నానా?" అని. అత్తయ్య అడిగిందే నేను తెచ్చా, నన్నే తిట్టింది, నాకూ వొళ్లు మండింది, రెండు పూటలు అన్నం తినలా. తర్వాత ఇద్దరం కలిసే రత్నాన్ని బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లి పుస్తకంలో చెప్పిన ఇంజెక్షన్లు చేయించాం. నెలలు నిండే ముందే మా నాన్న వాళ్లింటికి పంపిద్దాం, ఆసుపత్రి దగ్గర గదా అనుకున్నాం.

మనం అనుకున్నట్టు జరిగితే ఇంకేంటి. కోతల రోజులు. మగాళ్లందరూ చేలల్లో, బళ్లన్నీ కుప్పల దగ్గర, బస్సేమో సాయంత్రం గానీ లేదు. మిట్టమధ్యాన్నం రత్నానికి నొప్పులొచ్చినయ్, ఇంకా రోజులుండగానే. ఇంట్లో అత్తయ్యా నేనూ. "సారమ్మని పిలవనా?" అంది అత్తయ్య. నేను గుమ్మంలోకి పరిగెత్తానో లేదో, ఎవరు చెప్పారో ఏమో, ఆమే వస్తంది. కొంగుముడిలోంచి కొత్త బ్లేడు తీసింది, పైకాగితం కూడా విప్పలా.

"నీళ్లు మరగబెట్టు, బ్లేడూ దారమూ అందులో వెయ్యి. సబ్బు తే. అమ్మగారి దగ్గర్నించి ఆ పుస్తకం తెచ్చి గుమ్మంలో కూర్చో. నేను అడిగినప్పుడల్లా చదువు. వణక్కుండా చదువు" అంది.

చదివానే. ఆ కాన్పంతా చదువుతానే ఉన్నా. ఆమె చేతులు మోచేతుల దాకా కడిగింది, మళ్లీ కడిగింది. "ఆఁ, తర్వాత?" అనేది. నేను చదివేదాన్ని. చేసేది. "ఆఁ, తర్వాత?" ఆడపిల్ల పుట్టింది. కేర్‌మంది. బొడ్డు కోసి, "ఇప్పుడు పైన ఏం పెట్టమంది?" అనడిగింది.

"ఏమీ పెట్టొద్దంది పెద్దమ్మా."

ఆమె మొలలో ఎప్పుడూ ఓ పొట్లం ఉండేది, పసుపూ బూడిదా. అలవాటుగా చెయ్యి దాని మీదకి పోయింది. ఆగింది. పొట్లం తీసి కిటికీలోంచి అవతల పారేసింది.

ఆ వారం మా ఇంట్లో ఎవరికీ నిద్దర్లేదు. సారమ్మ పెద్దమ్మ రోజూ పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చునేది. బిడ్డని ముట్టుకునేది కాదు. "తాగిందా?" అని అడిగేది. "తాగింది" అంటే పొద్దుగూకేదాకా అట్లాగే కూర్చుని వెళ్లిపోయేది. వారం దాటింది, ఇంకో నాలుగు రోజులు కూడా దాటినయ్. ఒక పొద్దున రత్నమే లేచొచ్చి, బిడ్డని ఆమె ఒళ్లో పెట్టింది. "మీరే ముద్దు పెట్టండి పెద్దమ్మా" అంది. ఆమె వేలు బిడ్డ నోటి దగ్గర పెడితే చప్పున పట్టుకుని చీకటం మొదలెట్టింది. అప్పుడు ఏడ్చిందమ్మా ఆ మనిషి, అప్పటిదాకా ఏడవలా.

"ఈ ముక్క ముందే ఎవరన్నా నాకు చదివి పెట్టుంటే, ఆ ఇద్దరూ ఈపాటికి ఈ వాకిట్లో ఆడుకుంటా ఉండేవాళ్లు గదే!" అంది.

రత్నం ఆమె పక్కనే కూర్చుని భుజం మీద తలపెట్టుకుంది. పెద్దమ్మ కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఇంకా చాలా పేజీలున్నయ్ గదా అందులో. చదువు. మొదటి నించీ అన్నీ చదువు."

చదివాను తల్లీ. అన్నీ చదివాను.

నువ్వు కూడా... ఏంటే, కళ్లు తుడుచుకుంటన్నావ్, పిచ్చిపిల్లా. ఇట్లా రా. నా బంగారు తల్లివి, నీ నోట పలికిన ప్రతి పుస్తకం వినేవాళ్లింట మేలు చెయ్యాలి, దేవుడు నీ గొంతు చల్లగా కాపాడాలి. ఇక ఆ ఫోను కట్టేయ్...