నోరా గొంతు

అధ్యక్షులు గోవిందరాజులు గారికి, వంటలు చేసి తెచ్చిన ఆడపడుచులకు, మూతులకు మాస్కులు కట్టుకుని కూర్చున్న ఈ అత్లోన్ ఊరి తెలుగువాళ్లందరికీ నమస్కారం. నాకు చదువు రాదు. నాకు తెలిసిన అక్షరం మా మనవరాలు అక్షర ఒక్కతే. (నవ్వులు)

విమానాలు మళ్లీ మొదలయ్యాయి, ఎల్లుండి చీరాల వెళ్లిపోతున్నాను. ఈ దేశపు దీవుల్లో మన సంస్కృతి వినిపించానని శాలువా కప్పుతామంటున్నారు. అధ్యక్షులవారూ, దాన్ని కాసేపు బల్లమీదే ఉంచండి.

మొన్న వేసవిలో, దీవులకు మళ్లీ మనుషుల్ని రానిస్తున్నారని మా అమ్మాయి మైథిలి నన్నూ అక్షరనూ పడవెక్కించి తిప్పింది. ఎక్కడ చూసినా తాళాలేసిన ఇళ్లు, వేటకెళ్లేవాళ్లు లేక ఒడ్డున బోర్లించిన పడవలు. చివరి దీవిలో ఒక ముసలి జాలరి శవం వెళుతోంది. కరోనా కదా, జనం రోడ్డుకు రెండు పక్కలా ఎడంగా నిలబడి, నోరు మెదపకుండా తలలు వంచారు. మా పక్కన గోడ దగ్గరున్నావిడ ఆయన చెల్లెలు నోరా. వాళ్లమ్మ కాలంలో ఆడవాళ్లు రాగం తీసి ఏడ్చేవారట. అది మోటుతనమని ఫాదర్లు తిడితే సిగ్గుపడి మానేశారట. మైథిలి అది తెలుగులో చెప్పగానే, జాలరి ఇంట పుట్టినదాన్ని, ఊరుకోగలనా? "నా తండ్రీ, నీ పడవ ఒడ్డునే ఉండిపోయిందే, నీ వల చిక్కు ఎవరు తీస్తారయ్యా" అని ఎత్తుకున్నాను. వెంటనే నోరా తన భాషలో అందుకుంది. ఏం గొంతమ్మా అది!

దాన్ని అక్షర ఫోన్లో తీసింది. మీరంతా పంచుకున్నారు. నాకేమో దండం బొమ్మలు, నోరాకు పళ్లికిలించే బొమ్మలు. "ఆ తెల్లావిడకు పూనకం వచ్చిందా ఆంటీ?" అని నన్నే అడిగావు కదమ్మా నీలిమా.

నిన్న నోరా మేనల్లుడు మైథిలికి ఫోన్ చేశాడు. ఆ వీడియో దీవికీ చేరిందట. ఆవిడ చర్చికి కూడా రావడం మానేసిందట. నేను అక్షరను నిలదీస్తే, "ఇట్స్ గ్రాండ్ అమ్మమ్మా, ఎవ్రీవన్ లవ్స్ యూ" అంది. ఈ దేశంలో వాన పడినా గ్రాండే, కాలు విరిగినా గ్రాండే. (నవ్వులు) నవ్వకండి. అన్న పోయి ఏడ్చిన మనిషి ఏడుపది. అదే శోకానికి నాకు శాలువా, ఆవిడకు వెటకారం. నా ఇంటి పిల్ల, నా భాషవాళ్లు చేసిన పనికి సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆ గొంతును ఒకసారి ఫాదర్లు మూయించారు, మళ్లీ మనం మూయించాం.

అక్షరా, లేచి నుంచుని అందరి ముందూ ఆ వీడియో తీసెయ్. రేపు మొదటి రైలుకి మనిద్దరం బయల్దేరుతున్నాం. ఆవిడ తలుపు తీయకపోతే బయట నిలబడే క్షమించమని చెప్పి వద్దాం.

అధ్యక్షులవారూ, ఇప్పుడివ్వండి శాలువా. దీవిలో గాలెక్కువ. ఆవిడ కప్పనిస్తే కప్పుతాను.

కడుపునిండా పెట్టారు, చల్లగా ఉండండి. ఇక ఫోన్లు బయటికి తీయండి. వీడియో అందరి దగ్గరా పోయిందని మైథిలి నాకు చెప్పాకే సెలవు.