ఆనుకుని నడిచిన కుక్క

చూపులేని తన కుక్కను ఎవరికి అప్పగించాలో తేలక, అక్క తన ఆపరేషన్ వాయిదా వేసుకుంటూ వస్తోంది. ఇవాళ తమ్ముడు ఆమెను కుక్కల్ని కొన్నాళ్లు ఉంచుకుని చూసుకునే మరో బోర్డింగ్‌కి తీసుకొచ్చాడు. పెరట్లో గొలుసు విప్పగానే కుక్క బిక్కచచ్చి నిలబడిపోయింది.

"ఇక్కడా కుదరదురా. వీడు గోడకి గుద్దుకుంటాడు, పద."

"ఆగక్కా, ఆ మూల పడుకున్న ఎర్ర కుక్క లేచొస్తోంది."

"కరుస్తుందేమో, పట్టుకోరా!"

"కరవడం లేదే! వీడి పక్కకొచ్చి ఆనుకుని నిలబడింది."

"అమ్మో, నడిపిస్తోందిరా! నీళ్లతొట్టి దగ్గరికే తీసుకెళ్తోంది!"

"వీడికి కళ్లు కనబడవని దానికెవరు చెప్పారక్కా?"

అక్క ఉన్నచోటే నిలబడి చూసింది.

"తాగుతున్నాడురా. నేను పక్కన లేకుండానే తాగుతున్నాడు."

"మరి ఏడుస్తావేంటి?"

"ఏడవట్లేదులే. డాక్టరుకి ఫోన్ చెయ్యి, రేపే వస్తానని చెప్పు."