అద్దం రెండో కొస

హలో… ఆ, నేనే రా, అక్కని. చెప్పు.

…వినపడట్లేదు. ఆగు, మెట్ల మీదకొస్తా. లోపల నలభై కుట్టుమిషన్లు ఒకేసారి తిరుగుతున్నాయి… ఆ, ఇప్పుడు చెప్పు తమ్ముడూ.

…ఏ ఉత్తరం?

…కంపెనీ నుంచా. సరే, చదువు.

…"కుడి భుజం మామూలుగా ఉన్నదని, పదిహేను రోజుల గడువు ముగిశాక వచ్చే సోమవారం నుంచి పనిలో చేరవచ్చునని." ఎవరన్నారు ఆ మాట? మీ కంపెనీ డాక్టరేనా?

…మామూలుగా ఉందా. మొన్న ఆదివారం మా ఇంటికొచ్చినప్పుడు నీ చొక్కా గుండీలు మీ ఆవిడ పెట్టింది. నేను చూడలేదనుకున్నావా.

…తర్వాతేముంది? చదువు, మింగకు.

…"ఒప్పుకోని పక్షంలో పదిహేను రోజుల లోపు, ఒక్కసారి మాత్రం, కంపెనీతో సంబంధం లేని బయటి డాక్టరు చేత పరీక్ష కోరవచ్చు." మరింకేం. కోరు. దీనికి నన్నడగడమెందుకు?

…ఎప్పుడు కోరాలనా? పైన తేదీ ఎంతుంది?

…మళ్ళీ చెప్పు.

…ఒరేయ్. ఇవాళే పదిహేనో రోజు. శుక్రవారం. ఐదింటికి ఆఫీసు మూసేస్తారు. ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టావు దీన్ని?

…బీరువాలో, దుప్పట్ల కింద. పొదిగి పిల్లల్ని చేస్తుందనుకున్నావా?

…మీ ఆవిడకి కూడా చెప్పలేదు. బాగుంది.

…అది సరే, అసలు ఆయన "మామూలు" అని ఎలా రాశాడు? చెయ్యి ఎత్తమనలేదా?

…ఎత్తావా. ఎలా ఎత్తగలిగావు?

…నొప్పి మాత్ర. ఒకటా… రెండు. వెళ్ళే ముందు మింగి మరీ వెళ్ళావు. ఎందుకురా?

…"డాక్టరు ముందు మూలుగుతూ కూర్చుంటే బాగోదని." నీ మొహమాటం తగలెయ్య. ఫొటో దిగడానికెళ్ళావా అక్కడికి?

…ఎలా ఉందని అడిగితే ఏమన్నావు?

…"బాగానే ఉందండి." … తెలుసురా, ఎవరడిగినా మనం అదే అంటాం. పక్కింటాయనతో అను, పాలవాడితో అను. డాక్టరుతో అంటే ఆయన రాసేసుకుంటాడు. రాసేసుకున్నాడు కూడా. నోట్లో నాలుక లేదని చిన్నప్పటి నుంచీ నీ మాటలన్నీ నేనే మాట్లాడాను, తప్పు నాదే.

…అరవట్లేదు. … సరే, అరుస్తున్నా.

— ఆ కాలర్లు పక్కన పెట్టమ్మా, వచ్చి చూస్తా. తమ్ముడు ఫోన్‌లో ఉన్నాడు. —

ఆ, విను. నీకు వైద్యం చేస్తున్న డాక్టరమ్మ ఏమంది? స్కానింగ్ చూసిందా?

…రిపోర్టు మంగళవారం వస్తుందా. అది వచ్చాక కోరుదామనుకున్నావు. … వినడానికి తెలివైన మాటలాగే ఉంది. మంగళవారానికి గడువెక్కడుందిరా? పైగా సోమవారం పనిలోకి వెళ్ళావనుకో, ఆ తర్వాత భుజం ఊడి చేతిలోకొచ్చినా, "పనికొచ్చాడుగా, బాగానే ఉన్నాడుగా" అంటారు. మా ఇస్త్రీ సెక్షన్ ఆవిడ నడుం సంగతి అలాగే అయింది. ముందు పనిలో చేరింది, తర్వాత పరీక్ష కోరింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. నువ్వు ఇవాళ కోరు. వాళ్ళు నిన్ను ఆ బయటి డాక్టరు దగ్గరికి పంపించేసరికి ఎలాగూ వారం పడుతుంది. ఈలోగా స్కానింగ్ వస్తుంది, అప్పుడు చూపించుకో.

…మళ్ళీ ఏంటి?

…

చెప్పరా.

…ఏమీ లేకపోతే ఈ నసుగుడేంటి. … ఊరుకున్నంత ఉత్తమం లేదంటావా? నాకు చెప్పకు సామెతలు. నాలుగో అంతస్తులో నీకంటే పొడుగున్న అద్దాలు ఎత్తి బిగించేవాడివి నువ్వు. అద్దాలు తుడిచేవాడివి కాదు.

…కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఫోన్ పెట్టేయనా? … అయితే నిజం చెప్పు. బయటి డాక్టరంటే నీకెందుకంత భయం?

…ఎలా తగిలిందని అడుగుతాడు. అడగనీ. కాలు జారింది, అద్దం మీదకొచ్చింది, చెయ్యి మెలిపడింది. అదే కదా జరిగింది.

…జారలేదా. మరి?

…

బక్కోడు వదిలేశాడా. అద్దం రెండో కొస పట్టుకున్న మీ బక్కోడే?

…ఫోన్ మోగితే, తియ్యడానికి ఒక చెయ్యి వదిలాడు. బరువంతా నీ మీద పడింది. … మూడు నెలలుగా నాకు కాలు జారిందని చెబుతున్నావు కదరా.

…తెలుసు. పదకొండేళ్ళ జోడీ. నీ కొస నువ్వు, వాడి కొస వాడు.

…ఆసుపత్రి వరండాలో ఏడ్చాడా. … ఎవరికీ చెప్పనని మాటిచ్చావు. సరే.

లేదు, వాణ్ణేమీ అనట్లేదు. కోపం లేదనను, ఉంది. కానీ డాక్టరు చూసేది నీ భుజం, వాడి ఫోన్ కాదు. బరువు ఒక్కసారిగా నా మీద పడిందని చెప్పు. అందులో అబద్ధమేముంది?

…అయినా వద్దా. సోమవారం వెళ్ళిపోతావు, ఎలాగోలా నెట్టుకొస్తావు.

సరే. ఒక్కటి చెప్పు, మళ్ళీ అడగను. సోమవారం అద్దం ఎత్తుతావు. తల దాకా ఎత్తాక నీ చెయ్యి పట్టు వదిలేస్తుంది. మొన్న మా ఇంట్లో సగం నీళ్ళున్న బకెట్‌నే వదిలేశావే, అలాగ. అప్పుడు అద్దం రెండో కొస పట్టుకుని ఉండేదెవరు?

…

వాడే కదరా.

…

ఉన్నా. ఎక్కడికీ పోలేదు. … ఆలోచించుకో. మరీ ఆలోచించకు, మూడూ ఇరవై అయింది.

…కాగితం ఉందా? మీ పాప నోట్‌బుక్కులోంచి ఒకటి చింపు. రాయి. "అయ్యా, మీ ఉత్తరం అందింది. మీ డాక్టరు గారి అభిప్రాయంతో నేను ఏకీభవించడం లేదు." … అంత పెద్ద మాట వద్దంటే "ఒప్పుకోను" అని రాయి. ఇంకా మంచిది. … "దయచేసి" ఒక్కసారి చాలు, వాక్యానికొకటి వద్దు. "బయటి డాక్టరు చేత నాకు పరీక్ష చేయించమని కోరుతున్నాను. అది అయ్యేదాకా పనిలో చేరలేను." … అవును, "చేరలేను." "కుదిరితే" తీసెయ్.

ఆఫీసులో ఇచ్చి ఊరికే వచ్చెయ్యకు. దారిలో జిరాక్స్ తీయించి, అందిందని ఆ నకలు మీద ముద్ర వేయించుకో.

…అయిందా? ఇంకా లేదా? మూడు ముక్కలకి ఇంతసేపేంటి?

…ఏ చేత్తో రాస్తున్నావు?

…

ఎడమ చేత్తోనా. ఎప్పటి నుంచి? … కుడి చేతి వేళ్ళు తిమ్మిరెక్కి పెన్ను నిలవట్లేదా. ఇది కూడా ఎవరికీ చెప్పలేదు నువ్వు.

…ఏడుస్తున్నా. ఏడిస్తే ఏమైంది. నువ్వు రాయి.

…వంకర పోతే పోనీ. … లేదు, మీ ఆవిడ చేత తిరగరాయించొద్దు. ఆ ఎడమ చేతి రాతే పట్టుకెళ్ళు. వాళ్ళు దాన్నే చదవనీ.

…ఆ. బయల్దేరు. పెట్టేస్తున్నా.