పోయినేడాది మొగ్గలు

నర్సరీలో పనిచేసే బావమరిది, పెరట్లోని నీలిపూల పొద ముందు గొంతుకూర్చుని కొమ్మ కొమ్మా తడిమి చూస్తున్నాడు. వెనక నిలబడ్డ బావకు ఆ తడమడం చూస్తుంటే భయంగా ఉంది.

“డాక్టర్లలా నువ్వూ నాన్చకురా. ఉన్నమాట చెప్పు. చచ్చిపోయిందా?”

“నిక్షేపంలా ఉంది బావా. ఆకులు ఎంత ఏపుగా వచ్చాయో చూడు.”

“మరి మొగ్గేదీ?”

“కొమ్మలు ఎప్పుడు కత్తిరించావు?”

“చలికాలంలో. ఆకులన్నీ రాలి, ఒట్టి పుల్లలు మిగిలాయి. కత్తిరించమని మీ అక్క రెండేళ్లు నా చెవిలో పోరింది. అప్పుడు కత్తెర ముట్టుకున్న పాపాన పోలేదు. ఆమె పోయాక నెల్లాళ్లకి ముట్టుకున్నాను.”

“పూలు అయిపోగానే కత్తిరించమని కదా అక్క చెప్పింది?”

“ఎప్పుడైతే ఏంటి, మళ్లీ పెరిగేదేగా?”

“ఈ పొద పాత కొమ్మల మీదే పూస్తుంది బావా. ఇప్పుడు పూయాల్సిన పూలకి పోయినేడాదే మొగ్గ కట్టేసుకుంటుంది.”

“పోయినేడాదంటే... మీ అక్క ఉండి, దీనికి నీళ్లు పోస్తున్నప్పుడే?”

“ఊఁ.”

“అవన్నీ మోపు కట్టి చెత్తబండిలో వేశానురా. పెరడు శుభ్రపడిందని సంతోషించాను కూడా.”

బావమరిది లేచి, చేతులకంటిన మట్టి చాలాసేపు దులుపుకున్నాడు.

“తెలియక చేశావు. ఇప్పుడొచ్చిన కొమ్మల జోలికి వెళ్లకు. వచ్చే ఏడాది విరగబూస్తాయి.”

“పూస్తాయి లేరా. కానీ అవి నేను నీళ్లు పోసినవి.”