ముప్పై ప్రశ్నల చీటీలు

బడి వదిలాక స్టాఫ్ రూంలో హెడ్‌మిస్ట్రెస్ పిల్లల దగ్గర దొరికిన ముప్పై చీటీలు బల్లమీద పరిచారు. సైన్సు మాస్టారు వాటిని గబగబా పోగుచెయ్యబోయారు.

"ఇవేమిటి మాస్టారూ?"

"రేపు తనిఖీ కదా మేడం. కొత్త సిలబస్‌లో పిల్లలే ప్రశ్నలడగాలట. తలా ఒకటి రాసిచ్చాను."

"ప్రశ్నలు వాళ్లవీ, రాత మీదీనా?"

"నా తలరాత కూడా అందులోనే ఉందండీ. రేపు క్లాసు మూగబోతే తొమ్మిదో తరగతి నా చేతిలోంచి లాగేస్తారు."

"ఒక్కరైనా సొంతంగా ఏమీ అడగలేదా?"

"ఒక పిల్ల అడిగింది. 'మేం సరిగ్గా అడక్కపోతే మిమ్మల్నేం చేస్తారు సార్?' అని."

"మీరేమన్నారు?"

"అది సిలబస్‌లో లేదు, కూర్చో అన్నానండీ."

హెడ్‌మిస్ట్రెస్ నవ్వలేదు.

"రేపు ఆ పిల్లకి జవాబు చెప్పి పాఠం మొదలుపెట్టండి."

"తనిఖీవాళ్ల ముందా మేడం?"

"వాళ్ల ముందే."